ఎవరూ ఎంచుకోని గోలీ

మంచు మీద పడిన రక్తాన్ని తుడవకూడదు, గీకాలి. గుడ్డ పెడితే అది చుట్టూ పాకి మరక ఇంకా పెద్దదవుతుంది. ఇనుప పారతో ఎరుపు ఉన్నంత మేరా చెక్కేసి, ఆ గుంటలో తడిమంచు కూరి, పైన నీళ్ళు చల్లి, గడ్డకట్టే దాకా పక్కనే నిలబడాలి. అబుదాబిలో నేను నేర్చుకున్న మొదటి పని అదే.

రెండు వేల తొమ్మిదిలో జగిత్యాల దగ్గరి పల్లె నుంచి క్లీనింగ్ కంపెనీ వీసా మీద వచ్చాను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. ఏ బిల్డింగుకో, ఏ మాల్‌కో పంపుతారనుకుంటే ఐస్ రింక్‌కు పంపారు. బయట ఎండకు చెప్పుల అడుగులు మెత్తబడేవి. లోపల రెండు స్వెటర్లు వేసుకున్నా పళ్ళు టకటకలాడేవి. కాళ్ళకు కత్తుల్లాంటి స్కేట్లు కట్టుకుని, వంకర కర్రలు పట్టుకుని, తెల్లవాళ్ళూ కొందరు అరబ్బులూ అక్కడ ఐస్ హాకీ ఆడేవారు. ఆడేవారు అంటున్నాను గానీ మొదట్లో నా కళ్ళకు అది కొట్లాటలాగే కనిపించింది. ఒకణ్ణొకడు మంచు చుట్టూ ఉన్న చెక్కగోడకేసి గుద్దేవాడు. గ్లౌజులు విసిరేసి మొహాలు పగలగొట్టుకునేవారు. మా ఊళ్ళో అట్లా కొట్టుకుంటే పంచాయతీ కూర్చునేది. ఇక్కడ చూసేవాళ్ళు చప్పట్లు కొట్టేవారు. ఆ తర్వాత పార పట్టుకుని రమ్మని నన్ను పిలిచేవారు.

ఒక జట్టు కోచ్ కెనడా మనిషి, నలభై దాటినవాడు. ముందుపళ్ళు రెండు లేవు. ముక్కు ఎడమకు తిరిగి ఉండేది. ఒక శుక్రవారం పొద్దున అతని గోలీ ప్రాక్టీసుకు రాలేదు. గోలీ అంటే గోల్ ముందు నిలబడి పక్‌ను ఆపేవాడు. పక్ అంటే అరచేతిలో పట్టే నల్లటి రబ్బరు బిళ్ళ. దాన్ని గడ్డకట్టించి ఆడతారు, రాయితో సమానం. కోచ్ చుట్టూ చూసి, అంచుల్లో మంచు ఎత్తుతున్న నా వైపు వేలు చూపించాడు. ఏడాదిగా నేను ఎవరో పారేసిన స్కేట్లు కట్టుకుని నిలబడటం, జారడం నేర్చుకుంటున్నానని అతనికి తెలుసు. మా సూపర్‌వైజర్ మలయాళీ. "జా భాయ్, ఖడే హో జా," అన్నాడు. ఊరికే నిలబడితే చాలట.

చెమట కంపు కొట్టే ప్యాడ్లు, ఛాతీ కవచం, జాలీ ఉన్న హెల్మెట్ తొడిగారు. మొదటి పక్ నాకు కనిపించనే లేదు. హెల్మెట్‌కు తగిలాక తెలిసింది. తలలో గంట కొట్టినట్టయింది, నోట్లో ఇనుము రుచి వచ్చింది. రెండోది భుజం మీద, మూడోది కవచం లేని మోచేతి లోపలి వైపు. ఆటగాళ్ళు నవ్వుతూ కొడుతున్నారు. నాలుగోదానికి కోపం వచ్చింది. చిన్నప్పుడు మా పొలాల్లో క్రికెట్ ఆడుతూ వికెట్ల వెనక నిలబడ్డ చెయ్యి, దానంతటదే లేచింది. పక్ గ్లౌజులో పడింది. నవ్వులు ఆగిపోయాయి. గంటసేపు కొట్టారు. చివరికి కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. అయినా అక్కడి నుంచి కదలాలనిపించలేదు.

ముసఫ్ఫా లేబర్ క్యాంపులో నా గదిలో ఉండే అన్న ఆ సాయంత్రం నా ఒళ్ళు చూసి మంచం మీద నుంచి లేచాడు. మా పక్క ఊరివాడు, సైటులో ఇనుప చువ్వలు కట్టే పని చేసేవాడు.

"ఎవడు కొట్టిండ్రా నిన్ను? పోలీసోళ్ళా?"

"ఎవరు కొట్టలేదన్నా. గోలీగా నిలబడ్డ."

"గోలీలాడితే గిట్ల కములుతదారా?" అని, జండూబామ్ డబ్బా తీసి నా వీపుకు రాశాడు.

ఆ తర్వాత కోచ్ నాకు నేర్పడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం జనాన్ని స్కేటింగుకు వదలక ముందు ఒక గంట మంచు ఖాళీగా ఉండేది. నా డ్యూటీ ముగించుకుని వెళ్ళేవాణ్ణి. మోకాళ్ళ మీద పడటం, లేవడం, మళ్ళీ పడటం. అలసి ఆగితే కర్రతో ప్యాడ్ల మీద కొట్టేవాడు. ఒకరోజు బెంచీ మీద కూర్చుని తన కథ చెప్పాడు. నాకు అర్థమయ్యేలా ఒక్కో ఇంగ్లీషు మాటా విడదీసి చెప్పాడు.

"మా దగ్గర పద్దెనిమిదేళ్ళు వచ్చిన కుర్రాళ్ళను పెద్ద జట్లు ఏరుకుంటాయి. పేర్లు ఒక్కొక్కటే చదువుతారు. నేను కొత్త సూటు వేసుకుని హాల్లో కూర్చున్నాను. చివరి పేరు చదివేశారు. కుర్చీలు మడతపెట్టేవాళ్ళు వచ్చి నన్ను లేవమన్నారు."

"తర్వాత?"

"తర్వాత ఏముంది? ఎవడి గోలీకి కాలు విరిగితే ఆ ఊరికి పోయాను."

చిన్న చిన్న పట్నాల జట్లలో పన్నెండేళ్ళు ఆడాడట. బస్సుల్లోనే నిద్ర. ఒక ఊళ్ళో ఆట ఓడిపోయినందుకు సొంత జట్టువాళ్ళే గదిలో వేసి తన్నారట, పళ్ళు అక్కడ పోయాయి. ఒక్కసారి పెద్ద జట్టు పిలిచింది. వాళ్ళ చొక్కా వేసుకుని ఒక ఆటంతా బెంచీ మీద కూర్చున్నాడు. గేటు తీసి మంచు మీదకు పంపలేదు.

"నిన్నూ ఎవడూ ఎంచుకోడు," అన్నాడు నా వైపు చూసి. "వాళ్ళకు వేరే దారి లేనప్పుడు నువ్వు సిద్ధంగా ఉండాలి. అంతే."

అతను చెప్పినట్టే జరిగింది. ఆ ఏడు సీజన్‌కు ముందు రింక్ కేఫ్‌లో జట్ల కెప్టెన్లు కూర్చుని ఆటగాళ్ళను పంచుకున్నారు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని గోడ పక్కన నిలబడ్డాను. అందరి పేర్లూ అయిపోయాయి. ఒక కెప్టెన్ నన్ను చూసి, టేబుల్ మీద ఒలికిన కాఫీ వైపు చూపించాడు. తుడిచాను. మూడు నెలలకు అతని గోలీకి మోకాలి నరం తెగింది. అదే కెప్టెన్ నా దగ్గరకు వచ్చి, "రేపు నువ్వు ఆడతావా?" అని అడిగాడు.

ఆ సీజన్ చివరికి జట్టు నాకు జీతం కట్టింది. కఫీల్, అంటే నా వీసా యజమాని, మారాడు. గుర్తింపు కార్డు మీద మాత్రం క్లీనర్ అనే ఉండిపోయింది. అన్నా నేనూ క్యాంపు వదిలి మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఒక విల్లా వెనక గదికి మారాం.

నన్ను చూసి కొందరికి నవ్వు, కొందరికి మంట. క్లీనర్ ఆపితే పరువు పోతుంది కదా. పక్ నా చేతికి చిక్కి, విజిల్ మోగాక కూడా వచ్చి మీద పడేవారు. మోకాలితో తలకు గుద్దేవారు. ఒకడు కర్ర మొనతో గొంతులో పొడిస్తే రెండు రోజులు మాట రాలేదు. ఒకసారి కాలరు ఎముక విరిగింది. ఎడమచేతి వేళ్ళు రెండు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవు. రిఫరీకి చెప్పుకుంటే భుజాలెగరేసేవాడు.

కోచ్ ఒకరోజు నన్ను గోల్ ముందు గీసిన నీలం గీత లోపల నిలబెట్టాడు.

"ఇది నీ ఇల్లు. ఇంట్లోకి దూరినవాణ్ణి ఏం చేస్తావు?"

అతను నా కర్ర తీసుకుని తన పిక్క వెనక, ప్యాడు లేని చోట, మెల్లగా ఆనించి చూపించాడు. "ఇక్కడ. రిఫరీ పక్‌ను చూస్తున్నప్పుడు. ఒక్కసారి కొడితే మళ్ళీ రాడు."

కొట్టాను. మొదటివాడు కుంటుతూ పోయాడు. నాకు భయం వేసింది. రెండోవాడు కేక పెట్టి కూలబడ్డప్పుడు వేయలేదు. ఆ తర్వాత ఆటకు ముందే ఎవణ్ణి కొట్టాలో అనుకుని వెళ్ళేవాణ్ణి. నేను గోల్‌లో ఉంటే దగ్గరకు రావడానికి జంకేవారు. ఇన్నేళ్ళూ నా మొహం కూడా చూడనివాళ్ళు, నేను తల తిప్పితే పక్కకు జరిగేవారు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ నాకు అది బాగుండేది.

అది రింక్‌లోనే ఆగలేదు. ఒక సాయంత్రం గదిలో అన్న నా ఛార్జర్ తీసి తన ఫోను పెట్టుకున్నాడు. అంత చిన్న విషయం. నేను ఏదో అన్నాను, అతను ఏదో అన్నాడు. నా చెయ్యి లేచిపోయింది. పిడికిలి దవడకు తగిలి, తల గోడకు కొట్టుకుని పెదవి చిట్లింది. అతను నాకంటే బలమైనవాడు, రోజంతా ఇనుము మోసేవాడు. తిరిగి కొట్టలేదు.

"కొట్టు తమ్మీ, ఇంకోటి కొట్టు," అన్నాడు నోరు తుడుచుకుంటూ. "గా మంచుల గిదే నేర్పిండ్రా నీకు?"

మరుసటి వారం అతను అజ్మాన్‌లో పని వెతుక్కుని వెళ్ళిపోయాడు. నేను ఆపలేదు.

రెండు వేల పదహారు చివర్లో జరిగింది అసలు సంగతి. ఎదుటి జట్టులో ఫిన్‌లాండ్ ఇంజనీరు ఒకడు, ఆరడుగుల పైన ఎత్తు. ఆ ఆటలో అతను నా మీదకు రెండుసార్లు దూసుకొచ్చాడు. రెండోసారి నా తల వెనక్కి వాలి గోల్ ఇనుప కమ్మీకి కొట్టుకుంది. కళ్ళ ముందు తెల్లటి చుక్కలు. లేచేసరికి అతను నవ్వుతున్నాడు. మూడోసారి వస్తాడని తెలుసు. వచ్చాడు. నా భుజాన్ని గుద్ది, తూలి, మోకాళ్ళ మీద పడ్డాడు. అతని హెల్మెట్ పక్కకు జారిపోయింది. నేను కర్రను రెండు చేతులతో పట్టుకున్నాను. అతని కాళ్ళు దగ్గరగానే ఉన్నాయి. కాళ్ళ మీద కొట్టలేదు. మొహం మీద కొట్టాను.

ఎండుకట్టె విరిగిన చప్పుడు. కర్ర విరిగిందనుకున్నాను. కర్ర బాగానే ఉంది. అతను కంటి మీద చేతులు పెట్టుకుని పక్కకు ఒరిగాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం కారి నా నీలం గీత దాకా వచ్చింది. తర్వాత రెండు జట్లూ మంచు మీదకు దూకాయి. నన్ను కింద పడేసి ఎవరెవరు తన్నారో తెలియదు. స్కేటు అంచు ఒకటి నా చెవి కింద కోసింది. వాళ్ళు కొడుతుంటే నేను చేతులు అడ్డం పెట్టుకోలేదు.

అక్కణ్ణుంచే స్టేషన్‌కు తీసుకెళ్ళారు. చెంప ఎముక మూడు ముక్కలైందని, కంటికి ఆపరేషన్ చేస్తున్నారని అనువాదకుడు హిందీలో చెప్పాడు. "తుమ్హారా కోచ్ బోలా, ఐసా కభీ నహీ సిఖాయా," అని కూడా చెప్పాడు. ఇలాంటిది తను ఎన్నడూ నేర్పలేదని కోచ్ కాగితం మీద రాసి ఇచ్చాడట. మరోసారి చదవమన్నాను. మరోసారి చదివాడు. కర్ర ఎత్తింది నేనే, కోచ్ కాదు. అది నాకు తెలుసు. కానీ పిక్క వెనక కర్ర ఆనించి చూపించిన ఆ మనిషి, ఎవరూ ఎంచుకోకపోతే ఎట్లా ఉంటుందో తెలిసిన మనిషి, నన్ను అంత తేలిగ్గా వదిలేస్తాడని అనుకోలేదు.

లోపల ఉన్న రోజుల్లో నన్ను చూడటానికి వచ్చింది ఒక్కడే. అన్న. అజ్మాన్ నుంచి బస్సులు మారి, ఒక జత బట్టలు పట్టుకుని వచ్చాడు. పెదవి మీద మచ్చ అట్లాగే ఉంది.

"అన్నా, తప్పయిందే," అన్నాను.

"ఇప్పుడెందుకురా అది. చెవి కింద కుట్లేసిండ్రా?"

నాకు ఏడుపు ఆగలేదు. అతను తల తిప్పుకుని, అయ్యే దాకా ఆగాడు.

ఇంజనీరు కొన్ని వారాలకు ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. కొట్టినందుకు సర్కారు వేసే శిక్ష మాత్రం మిగిలింది. నేను అప్పటికే లోపల గడిపిన రోజులు దాంట్లో కలిపి వదిలేశారు. దేశం పంపించేస్తారనుకున్నాను, పంపలేదు. జట్టు మాత్రం ఖలాస్ అంది. లీగ్‌లో ఇక ఎప్పటికీ ఆడకూడదన్నారు.

బయటికి వచ్చిన వారానికి ఇంజనీరు ఇంటికి వెళ్ళాను. అన్న వద్దన్నాడు, అయినా వెళ్ళాను. అతని భార్య తలుపు తీసి, నేనెవరో తెలిశాక గుమ్మానికి అడ్డంగా నిలబడింది. లోపలి నుంచి అతనే రానివ్వమన్నాడు. ఎడమ చెంప లోపలికి దిగి ఉంది. ఆ కన్ను తెరిచే ఉంది గానీ చూపు మసకేనట, ఇక బాగుపడదట.

"నేను నిన్ను మూడుసార్లు గుద్దాను," అన్నాడు. "కావాలనే గుద్దాను. అయినా నువ్వు చేసింది క్షమించేది కాదు."

"తెలుసు."

"మరి ఎందుకొచ్చావు?"

"చూడాలని. నేను ఏం చేశానో చూడాలని."

అతను మొహాన్ని కిటికీ వెలుతురు వైపు తిప్పి, నేను చూసే దాకా అట్లాగే ఉంచాడు. టీ ఇవ్వలేదు. వెళ్ళేటప్పుడు చెయ్యీ కలపలేదు. అదే సరైనదనిపించింది.

అన్నకు తెలిసిన ఒకాయన ద్వారా ఖోర్ ఫక్కాన్ పోర్టులో పని దొరికింది. ఓడల మీద కంటైనర్లను ఇనుప కడ్డీలతో బిగించే పని. వేళ్ళు ముడుచుకోని చేత్తో మొదట్లో కష్టమైంది, తర్వాత అలవాటైంది. అన్న కూడా ఆరునెలలకు అక్కడికే వచ్చాడు. మళ్ళీ ఒకే గది. వంట నాది, గిన్నెలు అతనివి.

రెండు వేల పందొమ్మిదిలో కోచ్ ఫోన్ చేశాడు. కెనడా వెళ్ళిపోతున్నాడట.

"ఆ రోజు నా ఉద్యోగం పోతుందని భయపడ్డాను," అన్నాడు. "అందుకే అట్లా రాశాను."

"నాకు తెలుసు."

"నువ్వు మంచి గోలీవి."

వెళ్ళిరమ్మన్నాను. ఫోన్ పెట్టేశాక కోపం కోసం వెతుక్కున్నాను, పెద్దగా దొరకలేదు. జాలి కూడా లేదు.

ఆట మీద ఇంకా మనసుందా అని అన్న ఒకసారి అడిగాడు. లేదని చెప్పాను. అది అబద్ధం. ఓడ మీద ఎండలో పని చేస్తుంటే కొన్నిసార్లు గోల్ ముందు నిలబడ్డట్టు నా మోకాళ్ళు వాటంతటవే వంగుతాయి, భుజం ముందుకు వస్తుంది. ఎదురుగా ఎవరూ ఉండరు. అప్పుడు కడ్డీ కింద పెట్టి, కాసేపు సముద్రం వైపు చూసి, మళ్ళీ ఎత్తుకుంటాను.