నిమ్మకాయల మీద నడవని కారు

మొన్న శంషాబాద్‌లో రోడ్డు దాటుతుంటే ఒక కరెంటు కారు చప్పుడు లేకుండా వచ్చి నా పక్కనే ఆగింది. తిట్టబోయిన వాడిని, దాని నున్నటి ముఖం చూడగానే ఒకానొక దసరాకు నేను చేసిన పని గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

ఎయిర్‌పోర్టు వచ్చిన కొత్తలో గగన్‌పహాడ్‌లో నాకు మెకానిక్ షెడ్డు ఉండేది. ఒక సేటుగారి ఇటలీ కారు, ఎర్రది, రెండు సీట్లది, నాకంటే ఏడాదే చిన్నది, నా చేతిలోనే ఉండేది. దాని కార్బొరేటర్లు చలిపొద్దున ఒక రకంగా, ఎండెక్కాక మరో రకంగా అలిగేవి; ఆ అలకలన్నీ నా చెవికి తెలుసు, తన అలకలే తెలియవని మా ఆవిడ ఫిర్యాదు.

ఆ ఏడు ఎయిర్‌పోర్టు రోడ్డు మీది ఒక ఫంక్షన్ హాలు ఆవరణలో కార్ల ప్రదర్శన పెట్టి, మా ఎర్ర కారు పక్కనే విదేశం నుంచి విమానంలో దిగిన ‘రేపటి కారు’ను నిలబెట్టారు. వెండి రంగు, తలుపులకు పిడులు కూడా లేవు. దాన్ని తుడిచి కాపలా కాసే పని నా మరదలి భర్తకు, అంటే మా షడ్డకుడికి దొరికింది. జనమంతా దాని ముందే; ఫోటోలో అది నిండుగా పట్టాలని వెనక్కి జరిగి నా కారుకు వీపులు ఆనించేవాళ్లు. ఇన్నేళ్లు వేళ్లు కాల్చుకున్నది నేను, పేరేమో గుడ్డ పట్టుకున్న వాడిది! చూడవచ్చిన మామగారు సైతం అల్లుడంటే వాడే అన్నట్టు వాడి భుజం మీద చెయ్యి వేసి తిరిగారు.

ఒక మధ్యాహ్నం స్పానర్ ఆ వెండి కారు కిందికి దొర్లిపోతే పడుకుని దాని అడుగు చూశాను. ఇంజినే లేదు. చూపుకు చేసిన ఉత్త డొల్ల. పాపం వాడికి ఆ సంగతి తెలియక, దసరా పొద్దున బండి పూజకు చుట్టాలందరినీ పిలుచుకున్నాడు. ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు.

పండగనాడు అత్తమ్మ రెండు కార్లకూ బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచింది. నా కారు ఒక్క గర్జనతో కాయలు నలిపేస్తూ కదిలింది. కాయలు నలగకపోతే పూజ కానట్టేనని, తన కారును కూడా ఒక్క అడుగు నడిపించమని వాడు కంపెనీ మనిషిని బతిమాలాడు. ఆయన నవ్వి, ఇది నడిచేది కాదు, లోపల ఏమీ లేదన్నాడు. చుట్టాలంతా పకపకా నవ్వారు. వాడి ముఖం నల్లబడింది.

నాకు అసలైన పండగ అప్పుడే అనిపించింది, ఎంతసేపు? వాడు నేరుగా వచ్చి ఎర్ర కారు బానెట్ మీద చెయ్యి పెట్టి, “బండంటే గిదే అన్నా! జర ఇంకోపారి స్టార్ట్ చెయ్యి, ఇనాలె” అన్నాడు. నేను తాళం తిప్పాను. నాకు ముందే తెలుసన్న మాట మాత్రం ఈనాటికీ వాడికి చెప్పలేదు.

సేటుగారు ఆ కారు అమ్మేశారు, నా షెడ్డు ఉన్నచోట గోదాము లేచింది, రేపటి కార్లు ఇవాళ నిజంగానే నడుస్తున్నాయి. వాటి మీద నాకు అసూయ లేదు. నలుగురిలో నవ్వులపాలైన మరుక్షణమే ఎదుటివాడి కారు చప్పుడు విని మురిసిపోగలిగిన ఆ మనసును చూస్తే మాత్రం, ఈ వయసులోనూ కుళ్లుకుంటూనే ఉన్నాను.