చెక్కగోడ అవతలి అవ్వ

దళం వాళ్లకు అన్నం పెట్టాడన్న అనుమానంతో మా బాపును నెల్లికుదురులో పట్టుకుని, మొదట జనగామ క్యాంపులో ఉంచి, తర్వాత వరంగల్ జైలుకు పంపారు. సాయుధ పోరాటం నడుస్తున్న రోజులవి. నాకు పన్నెండేళ్లుంటాయేమో. ఆయన్ను చూడడానికి మా అమ్మ, నేను మానుకోటలో రైలెక్కి వరంగల్ పోయాము.

ఊళ్లు వదిలి వచ్చిన జనంతో పట్నం కిక్కిరిసి ఉంది. తిరిగి తిరిగి, స్టేషన్ దగ్గర ఒక చాయ్ హోటల్ పైన గది పట్టుకున్నాము. గది అంటే ఒక మంచం, ఆ మంచానికీ తలుపుకూ మధ్య నేను కాళ్లు ముడుచుకుని పడుకునేంత నేల. మూడు వైపులా ఇటుక గోడలు, నాలుగో వైపు చెక్కలు కొట్టి అడ్డం పెట్టారు. కింద పొద్దస్తమానం మనుషుల మాటలు, గిన్నెల చప్పుడు, మరిగే పాల వాసన.

మేము లోపలికొచ్చి గొళ్లెం పెట్టగానే, చెక్కల అవతలి నుంచి ముసలి గొంతు పలికింది.

"వచ్చినవా బిడ్డా?"

మమ్మల్ని కాదనుకున్నాము. కానీ బయటికి పోయి వచ్చినప్పుడల్లా అదే మాట. నేనొక్కదాన్నే వస్తే వినబడేది కాదు. అమ్మ అడుగు లోపల పడితేనే అడిగేది. పక్క గది తలుపుకేమో బయట తాళం వేసి ఉంది. హోటలాయనను అడిగితే అందులో ఎవరూ లేరన్నాడు, మా మొహాలు చూడకుండా. ఆ రోజు నుంచి నేను చెక్కలకు వీపు పెట్టి పడుకోలేదు.

జైలు దగ్గర రోజూ నిలబడడం, రేపు రమ్మంటే తిరిగి రావడం. ఒక సాయంత్రం అట్లాగే వచ్చి అమ్మ మంచం మీద కూలబడింది. గొంతు మళ్లీ అడిగింది. ఏమనుకుందో ఏమో, అమ్మ చెక్కలకు నోరు ఆనించి చెప్పింది.

"వచ్చిన అవ్వా. నువ్వు తిన్నవా?"

అవతల పళ్లెం జరిగిన చప్పుడైంది. ఎవరో అన్నం కలుపుకుని తింటున్నారు.

ఇక ప్రతి సాయంత్రం మాటలే. బర్రె ఈనిందా అని ఆమె అడిగేది, ఈనిందని అమ్మ చెప్పేది. వాన పడిందా అంటే పడిందనేది. మాకు బర్రె లేదు. అన్నిటికంటే అమ్మ గొంతు వింటేనే నాకు భయమేసేది. అవతలికి మాట్లాడేటప్పుడు అది సన్నబడి, పెళ్లికాని పిల్ల గొంతులా అయ్యేది. ఒకరోజు నేను పిలిస్తే పలకలేదు. చెక్కల వైపే చెవి పెట్టి, ఎవరూ ఏమీ అడగకుండానే "ఆ, వస్తున్న" అంది. నేను చెయ్యి పట్టి గుంజితే, ఎవరి పిల్లవన్నట్టు చూసింది.

చివరికి బాపును చూపించారు. చిక్కిపోయాడు గానీ మనిషి బాగానే ఉన్నాడు. త్వరలో వదులుతారని పక్కనున్నవాళ్లు చెప్పారు. మేము మూట కట్టుకుంటుంటే పక్క గది తాళం తీసిన చప్పుడైంది. వెళ్లి చూస్తే స్టేషన్‌లో మూటలు మోసే మనిషి, అన్నం గిన్నెతో నిలబడి ఉన్నాడు. లోపలున్నది వాళ్ల మేనత్తట. భూపాలపల్లి అడవి పక్క ఘనపూర్ వాళ్లది. ఆమె బిడ్డ, దళంలో ఉన్న పెనిమిటికి సద్ది ఇచ్చొస్తానని అడవిలోకి పోయి మళ్లీ రాలేదు. మనిషీ దొరకలేదు, శవమూ దొరకలేదు. ఈమె వీధులు పట్టి వెతుకుతుంటే తాళం వేసి పనికి పోతున్నాడు. పోలీసులు ఆరా తీస్తారన్న భయంతో హోటలాయన గది ఖాళీ అని చెబుతున్నాడట.

అమ్మ లోపలికి పోయి ఆమె ముందు కూర్చుంది. రోజూ చెక్కల అవతలి నుంచి మాట్లాడింది నేనేనని చెప్పింది. అవ్వ అమ్మను కిందికీ మీదికీ చూసింది.

"నువ్వెవలవమ్మా? జర పక్కకు జరుగు. నా బిడ్డొచ్చే యాళ్లయింది."

అమ్మ మెల్లగా లేచి మా గదిలోకి పోయింది. నేను అవ్వ దగ్గరే ఉండిపోయాను. గొళ్లెం చప్పుడైంది. అవ్వ మొహం విప్పారింది. చెక్కల దగ్గరికి జరిగి, వచ్చినవా అని అడిగింది.

"వచ్చిన అవ్వా. మల్ల పోవాలె. ఇప్పట్ల రాను. నువ్వు యాళ్లకు తిను."

ఆ గొంతు మా అమ్మదని నాకు తెలుసు. అయినా ఇటువైపు నుంచి వింటుంటే అది అమ్మది కాదనిపించింది. అవ్వ అరచేతితో చెక్కను, పిల్ల తల నిమిరినట్టు నిమిరింది.

"పైలం బిడ్డా. అడవిల చీకటి పడకముందే దాటు" అంది.

రైల్లో అమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నేను రెండుసార్లు పిలిచాక పలికింది, తన మామూలు గొంతుతో. అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

బాపు ఆ ఎండాకాలం ఇంటికొచ్చాడు. పట్నంలో ఎట్ల ఉన్నారని అడిగితే, గది ఇరుకుగా ఉండెనని చెప్పి అమ్మ ఆయనకు అన్నం వడ్డించింది.