సోలెడు తవుడు

పరాయి దేశం పోవాలంటే ఇప్పటివాళ్లు విమానం ఎక్కుతారు. మా రోజుల్లో అంత అక్కర్లేదు, కృష్ణా జిల్లా దాటి రైల్లో కాసేపు కూర్చుంటే చాలు, పరాయి దేశం వచ్చేసేది. దాన్ని మావాళ్లు నైజాం అనేవాళ్లు. మా ఆయనకు చేవెళ్ల దగ్గర రోడ్డు పనుల్లో ఓవర్సీరు ఉద్యోగం దొరికిందని తెలిసినప్పుడు మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సరిహద్దు స్టేషనులో సామాను సోదా చేసే జవాను మా ఆవకాయ జాడీ మూత తీసి, లోపలికి ముక్కు పెట్టి, తుమ్మి, ఏమీ రాసుకోకుండానే పొమ్మన్నాడు (జాడీలో ఏం దాచామనుకున్నాడో ఆయనకే తెలియాలి). అక్కడ రూపాయి వేరు, కచేరీ భాష వేరు, మాట్లాడే తెలుగు కూడా వేరు. సర్కారు కాగితాల్లో మేము గైర్ముల్కీలం, అంటే పరదేశీలం. ఊళ్లోవాళ్లకేమో ఇంగ్లీషు రాజ్యపోళ్లం. ఒక్క ఇంగ్లీషు ముక్క రాని నన్ను ఆ మాటతో పిలుస్తుంటే నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. సాధారణంగా ఏడ్చేదాన్ని.

ఏడవడానికి నాకు కారణాలు కొదవ లేవు. మా ఆయన రోడ్డు ఎక్కడ వేస్తే అక్కడ గుడారంలో ఉండేవాడు, వారానికోసారి ఇంటికి వచ్చేవాడు. మంచి బియ్యం దొరికేవి కావు, దొరికిన జొన్నలతో రొట్టె కొట్టడం నాకు చేతకాదు. కొడితే భారతదేశం పటంలా వచ్చేది, దించేసరికి సిలోను విడిగా రాలిపోయేది. ఇవన్నీ సరే, అసలు భయం మా చంటాడు. వాడికి ముందు ఇద్దరు పుట్టి పోయారు. వీడొక్కడే నిలిచాడు, నాలుగో ఏడు నడుస్తోంది. వాడు తుమ్మితే నా గుండె ఆగేది. మా అమ్మ లేదు, అత్తగారు లేదు, ఏ ఆకు పసరు పిండాలో చెప్పే మనిషి లేదు. ఈ మట్టిలో వీడు కూడా పోతే నేను ఏ మొహంతో రైలెక్కాలి అని రోజుకు ఒక్కసారైనా అనుకునేదాన్ని.

వాడికి మాత్రం పరాయి దేశం సంగతి ఎవరూ చెప్పలేదు. వచ్చిన కొద్ది నాళ్లకే "అమ్మా, గీ కూర మంచిగ లేదు, నాకు రొట్టె కావాలె" అనడం నేర్చుకున్నాడు. రోజంతా పక్కింటి కిరాణా దుకాణంలోనే. ఆ దుకాణం నడిపేది ఒక సేటు, ఆయన భార్య. ఆవిడను ఊరంతా దుకాణం అవ్వ అనేది. పెద్ద బొట్టు, బిగించి కట్టిన కచ్చ, త్రాసు పట్టుకుంటే రెప్ప వేయని కళ్లు. పసివాడు బెల్లం ముక్క అడిగినా "ఏం తెచ్చినవ్?" అని అడిగేది, వాడు ఒక చింతగింజ చేతిలో పెడితే అప్పుడు ఇచ్చేది. దుకాణంలో ఏదీ ఉత్తగ ఇయ్యరని మావాడికి అక్కడే ఒంటబట్టింది. ఆమెకు పిల్లలు లేరు. ఉన్నారు, పోయారు. ఎంతమంది అని నేనెప్పుడూ అడగలేదు.

ఆ ఏడు వానలు వెనకబట్టాక చంటాడికి చలిజ్వరం పట్టుకుంది. రోజు విడిచి రోజు వచ్చేది, వచ్చినప్పుడల్లా పళ్లు టకటక కొట్టుకుంటూ వాడు ముడుచుకుపోయేవాడు. దవాఖానలో చేదు మందు ఇచ్చారు, సగం మింగేవాడు, సగం నా చీర మీద ఉమ్మేవాడు. మా ఆయన గుడారం దగ్గర ఉన్నాడు. నేను వాణ్ణి ఒళ్లో వేసుకుని గుమ్మంలో కూర్చుని ఏడుస్తుంటే దుకాణం అవ్వ వచ్చి ఎదురుగా చతికిలబడింది.

"ఏడిస్తె జరం పోతదా బిడ్డా? వీనికి ముంగట ఇద్దరు పోయిండ్రంటివి గద. నీ ఇంటి మీద పిల్లల తీస్కపోయేదాని కన్నుబడ్డది. నా మాటిను. పిల్లగాన్ని నాకమ్ము."

నేను వాణ్ణి గట్టిగా పట్టుకున్నాను. ఇలాంటి ఆచారం మా వైపూ ఉంది, విన్నాను, కానీ అది చేసేది మన ఊళ్లో, మన ముసలమ్మలతో. ఈ దేశంలో అమ్మితే నిజంగానే అమ్మినట్టవుతుందేమో, ఇక్కడి కాయిదా ఏమిటో ఎవరికి తెలుసు?

"నీకే ఎందుకమ్మాలి?" అన్నాను.

"నా ఇంట్ల తీస్కపోయేటిదంత అది ఎప్పుడో తీస్కపోయింది. ఇగ మల్ల గిటు దిక్కు రాదు. వీడు నా కొడుకని తెలిస్తె ఇడ్సిపెడ్తది. సోలెడు తవుడిస్త. సాదేది, పెంచేది నువ్వే. కాని ఎవలన్న అడిగితె నా కొడుకు అనకు. అవ్వ కొడుకు అను."

చేశాను. మునిగిపోయేవాళ్లు పట్టుకునేది తాడా, పామా అని చూడరు. మర్నాడు పొద్దున మా వాకిట్లో పెంటకుప్ప పక్కన చాటలో వాణ్ణి కూర్చోబెట్టాను (నాలుగేళ్లవాడు చాటలో పడతాడా, కాళ్లు రెండూ బయటే ఉన్నాయి). అవ్వ ఏమీ ఎరగనట్టు అటుగా వచ్చి, "అరె, గీ పిల్లగాడెవలోడు? నేనే సాదుకుంట" అని ఎత్తుకుంది. సోల నిండా తవుడు కొలిచి నా కొంగులో పోసింది. వాడు కళ్లు పెద్దవి చేసుకుని అన్నీ చూశాడు. మందు వల్లనో, తవుడు వల్లనో, వాన ఆగినందువల్లనో గానీ ఆ తర్వాత జ్వరం మళ్లీ రాలేదు. నేను ఎవరినీ అడగదలుచుకోలేదు.

వారాంతంలో మా ఆయన సైకిలు దిగి, చేతులు కడుక్కుంటూ, "వాడేడి?" అన్నాడు.

"అమ్మేశాను" అన్నాను.

ఆయన చేతులు తుడుచుకోవడం పూర్తి చేసి, "ఎంతకి?" అన్నాడు.

"సోలెడు తవుడికి."

"మరీ చవగ్గా ఇచ్చావే. తవుడేది?"

"గేదె కుడితిలో వేశాను."

"అంటే మన కొడుకుని గేదె తినేసిందన్నమాట" అని ఆయన పీట వాల్చుకుని కూర్చున్నాడు. జ్వరం తగ్గిందని తెలిశాక ఆయనకు అన్నీ హాస్యంగానే కనిపించాయి. నాకు అప్పటికే నవ్వు పోయి రెండు రోజులైంది. ఎందుకంటే ఆ సమయానికి చంటాడు ఇంట్లో లేడు. తన బొంత, తన గ్లాసు, విరిగిన బొంగరం ఒకటి చంకలో పెట్టుకుని అవ్వ ఇంటికి కాపురం మార్చేశాడు.

నేను పిలవడానికి పోతే గుంజ పట్టుకుని నిలబడ్డాడు. "నన్ను అమ్మినవ్ గద. నేను రాను" అన్నాడు. కోపంగా అనలేదు, కొన్న సరుకు కొన్నవాళ్ల దగ్గర ఉండాలన్నట్టు అన్నాడు. ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. లాక్కుపోదామంటే చేతులు రాలేదు. లాగితే వాడు నా కొడుకని ఒప్పుకున్నట్టే కదా, ఆ కన్నుపెట్టినది ఎక్కడో పొంచి వింటుంటే? బేరం చెడిపోతే? జ్వరం మళ్లీ వస్తే? లాగకపోతేనేమో బిడ్డ పోయినట్టే. ఇదీ నా పరిస్థితి. వాణ్ణి బతికించుకోవడానికి వదులుకున్నాను, ఇప్పుడు వాడు బతికి అవ్వ ఇంట్లో నువ్వుల ఉండలు తింటున్నాడు.

అవ్వ పాపం ప్రతి సాయంత్రం వాణ్ణి ఎత్తుకొచ్చి మా ఇంట్లో దించేది. "జర ఇంట్లుండు కొడకా, గామె సాదాలె గద" అనేది. ఆమె వీధి దాటేలోపు వాడు మళ్లీ ఆమె కచ్చ పట్టుకునేవాడు. నేను ఆమెను చూసి మండిపడేదాన్ని. ఆమె ముఖంలో వెలుగు చూశాను మరి, దాచుకోలేకపోయింది. త్రాసు పక్కన వాణ్ణి కూర్చోబెట్టుకుని, వచ్చిన బేరానికల్లా "నా కొడుకు" అని చూపించేది. వాళ్లు మా ఇంటి ముందు నుంచి పోతూ, తెలిసీ తెలియనట్టు, "గా పిల్లగాడు ఎవలోడమ్మా?" అని నన్ను అడిగేవాళ్లు. "అవ్వ కొడుకు" అనేదాన్ని. అని లోపలికి పోయి, పొగ లేకపోయినా పొయ్యి ఊదుతూ కళ్లు తుడుచుకునేదాన్ని. పరాయి దేశంలో మనిషికి దిక్కులేనితనం ఎలా ఉంటుందంటే, నా బిడ్డ పక్కింట్లో నవ్వుతుంటే గోడకు చెవి ఆనించి వినడంలా ఉంటుంది. అలా చాలా రోజులు విన్నాను.

ఎండాకాలంలో రోడ్డు మొయినాబాదు వైపు జరిగింది. మా ఆయన అక్కడ ఇల్లు కిరాయికి మాట్లాడి వచ్చాడు, సామాను సర్దమన్నాడు. నేను మూటలు కట్టడం మానేసి కూర్చున్నాను. "వాడు రానంటే?" అన్నాను. మొదటిసారి ఆయన కూడా హాస్యమాడలేదు. ఇద్దరం కలిసి దుకాణానికి పోయాం. చంటాడు త్రాసు దగ్గర కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాడు. అవ్వకు మేము ఎందుకొచ్చామో తెలుసు.

"పో కొడకా, మీ అమ్మ పిలుస్తున్నది" అంది, వాడి వైపు చూడకుండా.

"ఉత్తగ పోను" అన్నాడు వాడు. "తవుడు తెమ్మను."

సేటు గల్లాపెట్టె మీద తల పెట్టుకుని నవ్వాడు. అవ్వ నవ్వలేదు. "వాడన్నది న్యాయమే. తవుడిచ్చి కొనుక్కపో బిడ్డా. గిప్పుడు జరం గిట్ల లేదు, భయపడకు" అంది.

గేదె తినేసిన తవుడు ఎక్కణ్ణుంచి తేవాలి? చేవెళ్ల చుట్టూ జొన్నలే. దుకాణంలో కొందామంటే, ఆమె తవుడు ఆమెకే ఇస్తే కొన్నట్టా అని మావాడు ఒప్పుకోలేదు (వాడికి అప్పటికే నా కన్నా వ్యాపారం బాగా తెలుసు). ముడిమ్యాల వైపు ఎవరో వడ్లు దంచారని తెలిసి మా ఆయన సైకిలు మీద పోయాడు. అంత పొడుగు ఓవర్సీరు తువ్వాలులో మూట కట్టుకుని తొక్కుకుంటూ వస్తుంటే దారిలో కూలీలు లేచి సలాములు చేశారట, లోపల సర్కారు కాగితాలున్నాయనుకుని. అవ్వ మూట విప్పి, చిటికెడు తీసి అరచేతిలో నలిపి, ఊదింది. సగం ఎగిరిపోయింది.

"గిది తవుడు గాదు, ఊక" అంది.

"ఊక వద్దు" అన్నాడు చంటాడు.

నేను అక్కడే కూలబడ్డాను. ఏడుపు కూడా రాలేదు. మా ఆయన నా ముఖం చూసి, మళ్లీ సైకిలెక్కాడు. ఈసారి వడ్లే తెచ్చాడు. నేనే రోట్లో వేసి దంచాను. పుట్టింట్లో పనివాళ్లు దంచుతుంటే చూసిన చేతులు ఇవి, బొబ్బలెక్కి, చితికి, రోకలికి రక్తం అంటుకుంది. చెరిగి, జల్లించి, మెత్తని తవుడు తీశాను. చంటాడు గోడ దగ్గర నిలబడి చూస్తూ ఉన్నాడు. మధ్యలో వచ్చి నా అరచేయి తెరిచి చూసి, నోటితో ఊది, మళ్లీ పోయి గోడ దగ్గర నిలబడ్డాడు.

బండి కట్టిన రోజు అవ్వ అదే సోల తెచ్చి మా గుమ్మంలో కూర్చుంది. నేను తవుడు పోశాను, ఆమె సోల అంచు మీద చేత్తో గీసి సమం చేసింది. కొలత సరిపోయింది. చంటాడు వంగి చూసి, తలూపి, బొంత చంకలో పెట్టుకుని వచ్చి నా పక్కన నిలబడ్డాడు. అన్ని నెలల తర్వాత వాడి చేయి నా చీర కుచ్చెళ్లు పట్టుకుంది. నాకు కావలసింది అయిపోయింది, ఇక ఎవరి వైపూ చూడకుండా బండి ఎక్కేద్దామనుకున్నాను.

అవ్వ నా కొంగు పట్టుకుని ఆపింది. సోలలోంచి ఒక పిడికెడు తవుడు తీసి నా కొంగులో పోసి, తనే ముడి వేసింది.

"గీ పిడికెడు బాకి ఉండనియ్ బిడ్డా. లెక్క మొత్తం తీరనియ్యకు. గంత మట్టుకు పిల్లగాడు నాకుండనియ్."

గురిగింజ ఎత్తు తేడా వస్తే ఊరుకోని మనిషి ఆమె. ఆమె కొలత ఆమే తగ్గించుకుంది. అన్నాళ్లూ ఆమెను చూసి మండిపడ్డ నేను ఆ ముడిని నడుములో దోపుకున్నాను. బండి కదిలాక చంటాడు నా ఒళ్లో నిద్రపోయాడు, నేను మొయినాబాదు దాకా ఏడుస్తూనే ఉన్నాను. "వాడు దొరికాడుగా, ఇంకా ఎందుకు?" అని మా ఆయన అడిగాడు. నాకూ తెలియలేదు.

ఆ పిడికెడు తవుడు మొయినాబాదులో పురుగు పట్టింది, ఒక మధ్యాహ్నం పిచ్చుకలు తినిపోయాయి. అవ్వ కూడా ఎప్పుడో పోయింది. మేము తిరిగి కృష్ణా జిల్లా వచ్చేశాం. చంటాడికిప్పుడు జుట్టు నెరిసింది, పేరు చివర డిగ్రీలు ఉన్నాయి, నా మీద కోపం వస్తే మాత్రం ఇప్పటికీ "నన్ను అమ్మినవ్ గద" అని చేవెళ్ల మాటే అంటాడు. మొన్న వాడికి ఒళ్లు వెచ్చబడిందని తెలిసి వీధిలోవాళ్లు వచ్చి, "మీ అబ్బాయికి ఎలా ఉందమ్మా?" అని అడిగారు. ఈ వయసులో, ఇంత లోకం చూశాక, ఆ పొంచి వినేది ఇంకా ఎక్కడైనా ఉందేమోనని నేను చుట్టూ ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "అవ్వ కొడుకు బాగానే ఉన్నాడు" అన్నాను. ముసలామెకు మతి చెదిరిందనుకుని వాళ్లు లేచి వెళ్లిపోయారు.