పై అంతస్తు కంపెనీకి నంబరు లేదు

"నేనడిగింది వడ్డీ కాదురా ప్రకాష్. నంబరు."

"అప్లై చేశామండీ టీచర్ గారూ. వచ్చేస్తుంది."

"కిందటేడూ ఇదే మాట. అంతకుముందేడూ ఇదే మాట. పది అక్షరాలు రావడానికి మూడేళ్లు పట్టుద్దా?"

మెట్ల మలుపులో మణికుమార్ ఆగిపోయాడు. చంకలో కవరు ఉంది. అందులో ఉన్నవి, పైన వాళ్లు పోట్లాడుకుంటున్న రకం కాగితాలే, వేరేవాళ్లవి. ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే పన్ను సర్టిఫికెట్లు. ప్రింటు చేసింది అతనే. పన్ను కోసే కంపెనీకి ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే నంబరు ఉండాల్సిన చోట "అప్లయిడ్ ఫర్" అని మూడేళ్లుగా టైపు కొడుతున్నదీ అతనే. కొట్టమన్నారు, కొట్టాడు.

ఆ గొంతు ఎవరిదో చూడక్కర్లేకుండానే తెలిసింది. పామర్రు హైస్కూల్లో ముప్పై మూడేళ్లు లెక్కలు చెప్పి రిటైరైన లక్ష్మీనరసమ్మ గారు. ఎదురుగా ఉన్నది కంపెనీ మేనేజరు సూర్యప్రకాష్. ఒకప్పుడు ఆవిడ దగ్గరే చదువుకున్నాడు.

"ఎంత కోశామో అంతా నా జేబులోంచి ఇచ్చేస్తానండీ. ఆ సర్టిఫికెట్టు నాకిచ్చెయ్యండి" అన్నాడు సూర్యప్రకాష్.

"నువ్విస్తే అది పన్నెట్టా అవుద్దిరా? వడ్డీలో నూటికి పది కోశావు. ప్రభుత్వానికన్నావు. కట్టావా, లేదా?"

కుర్చీ జరిగిన చప్పుడైంది. తర్వాత సూర్యప్రకాష్ గొంతు బాగా తగ్గింది. తలుపు ఓరగా తీసి ఉండబట్టి గానీ, లేకపోతే వినపడేది కాదు.

"మీ ఒక్కరి డిపాజిట్టూ శనివారానికి వెనక్కిచ్చేస్తాను. మొత్తం. పామర్రులో మాత్రం ఎవరికీ చెప్పకండి. అందరూ ఒక్కసారే మీద పడితే ఇక్కడేమీ మిగలదు."

మణికుమార్ ఆవిడ తిట్టు కోసం ఎదురుచూశాడు. రాలేదు. లోపల ఫ్యాను తిరుగుతోంది. ఆవిడ అవునన్లేదు, కాదనీ అన్లేదు. అతను కవరు ఇవ్వకుండానే కిందికి దిగిపోయాడు.

అతని షాపు ఆ మెట్ల కిందే, గవర్నరుపేట సందులో. జెరాక్సు, డీటీపీ, జూలై వస్తే ఆదాయపు పన్ను ఫారాలు. బందరు దగ్గర చేపలోళ్ల కుటుంబం. బీకాం రెండో ఏడు మానేసి వచ్చి ఈ గది అద్దెకు తీసుకున్నాడు. వాళ్లమ్మ సన్యాసమ్మ చేప కొనేముందు మొప్ప ఎత్తి చూడనిదే బుట్టలో వేసుకోదు. అతను మూడేళ్లుగా నల్లబడ్డ మొప్పను రోజూ చూస్తూ, పక్కవాడికి అమ్మిపెడుతున్నాడు. ఈ పోలిక అతనికి ఆ రోజే తట్టింది.

లక్ష్మీనరసమ్మ గారి సంగతి పామర్రు నుంచి వచ్చే ప్రతివాళ్లూ అతనికి చెప్పినవాళ్లే. ఫిబ్రవరి నెలలో పన్ను లెక్క ఇవ్వకపోతే టీచర్లకి జీతం బిల్లు కదలదు. స్టాఫ్ రూములో ఒక్కరంటే ఒక్కరు కూడా ఆ లెక్క సొంతంగా చేసుకున్న పాపాన పోలేదు. ఆవిడ తన కాగితం పూర్తి చేసి బల్ల మీద పెడితే, అందరూ చుట్టూ చేరి కాపీ కొట్టేవాళ్లు. జీతం అంకె మార్చుకోవడం మరిచిపోయి, ఆవిడ జీతమే తమ జీతంగా రాసేసిన డ్రాయింగు మాష్టారు కూడా ఉన్నాడు. పిల్లలకి మాత్రం మధ్యలో ఒక్క మెట్టు వదిలేసినా ఆవిడ సున్నా పెట్టేది. జవాబు సరిపోయినా సరే. ఎక్కణ్ణించి వచ్చిందో చూపించని అంకె, దొంగ అంకె అనేది.

రెండు వేల మూడులో రిటైరైంది. చేతికొచ్చిన సొమ్ములో ఇంటికి సరిపడా ఉంచుకుని, మిగిలింది తెచ్చి సూర్యప్రకాష్ కంపెనీలో వేసింది. నా పిల్లాడు, పదో తరగతిలో నూటికి తొంభై ఆరు అని చెప్పుకుంది. అంతే. వెనకా ముందూ రిటైరైన పదముగ్గురు టీచర్లదీ అదే ఫారం, అదే కంపెనీ, అదే గడువు. ఫిబ్రవరి అలవాటు పోలేదు వాళ్లకి. ఆవిడేం రాస్తే అది కాపీ.

కిందటేడు దాకా బండి నడిచింది. పన్ను ఫారానికి ఆ సర్టిఫికెట్టు గుచ్చి ఇచ్చేవాళ్లు, నంబరు చోట ఏముందో చూసే నాథుడు లేడు. ఈ ఏడు, రెండు వేల ఏడులో, ఫారం మారింది. కాగితాలేవీ గుచ్చక్కర్లేదు, బదులుగా పన్ను కోసినవాళ్ల నంబరు గడిలో రాయాలి. ఆ నంబర్ని బట్టే ఎవరి సొమ్ము ఎవరి పేరున జమైందో తెలుస్తుంది. నంబరే లేదంటే ఆ సొమ్ము ఎక్కడికీ చేరలేదని అనుమానించాలి.

మణికుమార్ మొదట్లో అనుమానించలేదు. సందులో అందరూ చేసే పనే చేశాడు. ఆ సందులో ఫారాలు నింపే ప్రతివాడి దగ్గరా ఒక నోటు పుస్తకం ఉంటుంది. వచ్చిపోయే సర్టిఫికెట్ల మీది నంబర్లన్నీ అందులో ఎక్కిస్తారు. ఎవరికైనా నంబరు లేకపోతే, దాంట్లోంచి ఒకటి ఎత్తి గడిలో వేస్తారు. గడి నిండితే చాలు, పన్ను ఆఫీసు కౌంటర్లో ముద్ర పడుతుంది. పామర్రు టీచర్లు పదముగ్గురికీ అతను ఆ పుస్తకంలోంచి ఏదో బ్యాంకు తాలూకు పన్ను నంబరు వేసి ఇచ్చేశాడు. ముద్రలు పడ్డాయి. లక్ష్మీనరసమ్మ గారొక్కరే, నంబరెవరిదో తెలిశాకే సంతకం పెడతానని ఫారం ఆపించింది.

ఆవిడ మెట్లు దిగి వచ్చేసరికి బయట మబ్బు కమ్మి, మిట్టమధ్యాహ్నం షాపులో లైటు వేసుకోవాల్సి వచ్చింది. స్టూలు మీద కూర్చుంది. గొడుగు ఒళ్లో పెట్టుకుంది. మంచినీళ్లిస్తే తాగలేదు.

"ఆ పదముగ్గురికీ ఏం నంబరు వేశావు?"

అబద్ధం చెప్పొచ్చు. చెప్పబుద్ధి కాలేదు. సొరుగులోంచి నోటు పుస్తకం తీసి ముందు పెట్టాడు. ఆవిడ వేలు పెట్టి, పరీక్ష పేపర్లు దిద్దినట్టు, ఒక్కో వరసా చదివింది. అతను దాచకుండా చెప్పుకుపోయాడు. నిన్న సైబర్ కేఫ్‌లో పన్ను శాఖ వెబ్‌సైటు తెరిచి కంపెనీ పేరు పెట్టి వెతికితే ఆ పేరున నంబరే తగల్లేదని, సోమవారం పైనుంచి రెండు కంప్యూటర్లు మరమ్మతుకని దించారని, అవి తిరిగి రాలేదని, నిన్న ఏసీ పెట్టె కూడా దిగిందని, వాచ్‌మన్ శౌరయ్య రెండ్రోజులుగా రావడం మానేశాడని.

అతని మాట పూర్తవుతుండగానే పైన ఏదో బరువైనది ఈడుస్తున్న చప్పుడు మొదలైంది. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వెళ్లి ఆగింది. బహుశా బీరువా. ఇద్దరూ తల ఎత్తి చూశారు. స్లాబు మీది సున్నం పెచ్చు ఒకటి రాలి ఫారాల మీద పడింది. ఆవిడ దాన్ని గోటితో పక్కకి నెట్టింది.

శనివారం ఇంకా రెండ్రోజులే. ఆవిడ పెదవి విప్పకపోతే డబ్బు చేతికొస్తుంది. విప్పితే పద్నాలుగుమందీ ఆ మెట్లెక్కుతారు. అప్పటికి పైన బీరువా అయినా ఉంటుందో లేదో. మణికుమార్ ఆవిడ ముఖం వైపు చూడకుండా ప్రింటరు తుడుస్తూ కూర్చున్నాడు.

"ఇందాక మెట్ల మీద ఉన్నది నువ్వే కదూ" అందావిడ. "మూడో మెట్టు కదులుద్ది. చప్పుడు విన్నాను."

అతను తలూపాడు.

"ఎంత దాకా విన్నావు?"

"మొత్తం విన్నానండి."

సందులో మొదటి చినుకులు రేకుల మీద టపటపా పడ్డాయి. ఆవిడ లేచి, సంతకం లేని ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. గుమ్మం దాకా వెళ్లి, గొడుగు విప్పకుండా నిలబడింది.

"రేపు పొద్దున పామర్రు బస్సెక్కి రా నాయనా. పెన్షనర్ల సంఘం గదిలో అందర్నీ కూర్చోబెడతాను. నేను చెప్తే, ఎందుకు అని అడక్కుండా తలూపుతారు. ఇన్నాళ్లూ చేసిందదే. ఈసారి నువ్వు చెప్పు. ఆ నోటు పుస్తకం కూడా పట్టుకురా, వాళ్ల ఫారాల్లో ఏం రాశావో వాళ్లకి చూపించు. నాకొక్కదానికీ ఇస్తానన్నాడని చెప్పు. నేను వెంటనే వద్దనలేదని కూడా చెప్పు. ఆ మెట్టు వదిలెయ్యకు."