వాళ్లమ్మ ముద్దు పెట్టిన పుట

పాత పుస్తకాల దగ్గరికి తడి చేతులతో వచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. టీ కప్పుతో వచ్చేవాళ్ల సంగతి ఇక చెప్పనక్కర్లేదు. మిర్కాబ్‌లో నేను పనిచేసే చోట, చేతిరాత పుస్తకాలు బాగుచేసే గదిలో, నా వెనకాల నన్ను ఏమని పిలుస్తారో నాకు తెలుసు. పిలుచుకోనీ. రాయచోటిలో పుట్టి, హైదరాబాదులో ఈ పని నేర్చుకుని, ఈ కువైట్ ఎడారిలో అరబ్బీ పుస్తకాలకు కుట్లు వేస్తూ వేస్తూ జుట్టు నెరిసిపోయింది. చెదలకన్నా, ఎండకన్నా, పుస్తకాన్ని ప్రేమించే మనిషి వల్లే దానికి ఎక్కువ ప్రమాదమని ఇన్నేళ్లలో నాకు అర్థమైంది. హవల్లీలో ఖాలా ఇంటికి వెళ్లేదాకా ఆ మాటే పట్టుకుని ఉన్నాను.

ఆమె పాలస్తీనా నుంచి చిన్నప్పుడే తల్లి చెయ్యి పట్టుకుని వచ్చేసిన క్రైస్తవ పెద్దావిడ. అమ్మ చెల్లెల్ని మా ఇంట్లో ఉర్దూలో ఖాలా అంటాం, అరబ్బీలోనూ అదే మాట. అందుకని మొదటి రోజే అలా పిలిచేశాను, ఆమె కూడా కాదనలేదు. వాళ్ల పూర్వీకుల్లో ఎవరో చర్చిలో పాదిరీ అట. ఆయన కాలం నుంచి వస్తున్న ప్రార్థన పుస్తకం ఒకటి ఆమె దగ్గర ఉంది. మేకతోలు పుటలు, వాటి మీద నల్లసిరాతో అరబ్బీ రాత. కుట్టు తెగి పుటలు ఊడిపోతుంటే తెలిసినవాళ్ల ద్వారా నాకు కబురు పెట్టారు. పుస్తకం మాత్రం గడప దాటకూడదన్నారు. శుక్రవారాలు నేనే సంచీ తగిలించుకుని ఆమె ఇంటికి వెళ్లేవాణ్ని.

ఒక శుక్రవారం ఒక పుటలో చిరుగు ఎంతవరకు పోయిందో చూద్దామని దాన్ని కిటికీ వెలుగుకు వాలుగా పట్టుకున్నాను. అరబ్బీ వరుసల మధ్య, వాటికి అడ్డంగా, లేత గోధుమరంగు గీతలు కనిపించాయి. మురికి అనుకున్నాను. మురికి అంత తిన్నగా ఉండదు కదా అని అనుమానం వచ్చి, తెరలు వేయించి, సంచీలోంచి అతినీలలోహిత దీపం తీసి వెలిగించాను. అరబ్బీ కింద వేరే అక్షరాలు నిద్ర లేచినట్టు లేచాయి. గ్రీకు అక్షరాలు. వాటి పక్కన విల్లులా వంగిన గీత ఒకటి, దాని మీద వాలిన నిటారు గీతలు కొన్ని. నా చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

పూర్వం తోలు దొరకడం కష్టం. కొత్త పుస్తకం రాయాలంటే పాత పుస్తకం విప్పి, సిరా గీకి, పుటల్ని అడ్డంగా తిప్పి మళ్లీ రాసేవాళ్లు. ఇలాంటివి ఉంటాయని మా పనిలో అందరికీ తెలుసు. తెలియడం వేరు, ఒళ్లో పెట్టుకు కూర్చోవడం వేరు. ఖాలా అనుమతి తీసుకుని కొన్ని ఫొటోలు మా ఆఫీసు పెద్దాయనకు పంపాను, ఆయన ఇంకెవరికో పంపారు. చివరికి యూరప్ నుంచి ఒక ప్రొఫెసర్ దిగింది. గ్రీకు గణిత చరిత్ర చదవడంలోనే ఉద్యోగమంతా గడిపి, రిటైరైన మనిషి. ఈదురుగాలి వస్తే పట్టుకోవాల్సినంత బక్కపలచగా ఉండేది. తన వెంట కెమెరా, రంగురంగుల దీపాలు పెట్టెల్లో తెచ్చుకుంది. మొదటి పుట చూడగానే కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీసింది.

అద్దాన్ని ఎలా వంచితే దాని మీద పడిన ఎండంతా ఒక్క బిందువు దగ్గరికి చేరుతుందో చెప్పే రుజువట అది. అలాంటి రుజువు ఒకటి ఉండేదని పాతవాళ్లు చెప్పగా వినడమే తప్ప, ఆ రుజువు మాత్రం ఎవరికీ దొరకలేదట.

ఖాలా ఇంట్లో పనిచేసే ఆమెది మా రాయచోటి పక్క పల్లె. ఇక్కడి పనివాళ్లంతా యజమానురాలిని పిలిచినట్టే ఖాలాను మామా అంటుంది, నన్ను అన్నా అంటుంది. వంటింటి గుమ్మంలో నిలబడి అంతా చూస్తూ ఉండబట్టలేక అడిగింది.

"ఏందన్నా, ఆయమ్మ అంత దూరం నుంచి వచ్చి సూస్తాండేది?"

నాకు అర్థమైనంత చెప్పాను.

"ఎండను ఒక్కసోటికి తెచ్చేదానికి లెక్క గావాల్నా? మిట్టమధ్యాన్నం ఆయమ్మను బయటికి పొమ్మను. అదే వచ్చి నెత్తిన కూసుంటాది."

నేను ఇంగ్లీషులో చెప్పగానే ప్రొఫెసర్ ఎంత నవ్విందంటే, కెమెరా కదిలిపోతుందని లేచి అవతలికి వెళ్లి నవ్వాల్సి వచ్చింది. ఆ తర్వాత వాళ్లిద్దరూ ఒక్క మాటైనా అర్థం కాకుండానే స్నేహితులైపోయారు.

పని మొదలైంది. కిటికీలకు దుప్పట్లు కట్టాం. పుటను కెమెరా కింద పరిచి, దాని మీద ఒక్కో రంగు వెలుగు వేసి ఒక్కో ఫొటో తీయాలి. తర్వాత వాటిని కంప్యూటర్‌లో కలిపితే పైనున్న అరబ్బీ వెనక్కి తగ్గి, అడుగునున్న గ్రీకు ముందుకు వస్తుంది. ఫొటోకూ ఫొటోకూ మధ్య పుట వెంట్రుకవాసి కదిలినా అంతా వృథా. ఏసీ గాలికి పుట అంచు లేస్తోందని ఏసీ కట్టేశాం. కువైట్ ఎండాకాలంలో ఏసీ కట్టేసి, కిటికీలకు దుప్పట్లు కట్టుకుని కూర్చున్నవాళ్లను నేను ఇంకెక్కడా చూడలేదు. చెమట బొట్టు పుట మీద పడుతుందేమోనని నేను తువ్వాలు పట్టుకుని ప్రొఫెసర్ నుదుటికి కాపలా కాశాను. ఖాలా మాత్రం మూల సోఫాలో కూర్చుని, పెళ్లి ఫొటోలు తీయిస్తున్నంత సంబరంగా చూస్తుండేది.

పుటలన్నీ లొంగాయి, ఒక్కటి తప్ప.

అది పొద్దుటి ప్రార్థన ఉన్న పుట. దాని మధ్యలో అరచేయంత నల్లటి మరక. కరిగి పడిన కొవ్వొత్తి మైనం, దాని మీద ఎన్నో ఏళ్ల పెదవుల జిడ్డు. ఖాలా పొద్దున లేవగానే ఆ పుట తెరిచి, ఆ మరక మీద ముద్దు పెట్టుకుని గానీ కాఫీ ముట్టదు. ఆమె తల్లీ అక్కడే పెట్టేది, తల్లి తల్లీ అక్కడే. ఆ మైనం పడింది కూడా తల్లి చేతిలోని కొవ్వొత్తి నుంచే. రుజువు చివరి వరుసలు సరిగ్గా ఆ మరక కిందే ఉన్నాయి. ఏ రంగు దీపం వేసినా మైనం మెరిసి అడుగున ఉన్నదాన్ని మూసేస్తోంది. వెనకవైపు నుంచి వెలుగు పంపి చూశాం, అదీ లాభం లేకపోయింది.

ప్రొఫెసర్ నా వైపు చూసింది. మైనం స్కాల్పెల్ కత్తితో పెళ్లగించవచ్చు, జిడ్డు దూదితో తీయవచ్చు అని చెప్పాను. తీసింది మళ్లీ పెట్టలేమని కూడా చెప్పాను.

ఆ మాట ఖాలాకు చెప్పాల్సిన పని నా మీద పడింది. ఆమె విని, పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది.

"తనను మా ఊళ్లోనే పూడ్చాలని మా అమ్మ ఆఖరి కోరిక," అంది. "శవంతో పాటు నన్ను సరిహద్దు దాటనివ్వలేదు. ఎక్కడ పూడ్చారో ఒకరు చెప్పగా విన్నాను. నేను వెళ్లగలిగిన సమాధి ఇదొక్కటే."

నేను ఆ మాటలు ఇంగ్లీషులో చెప్పాను. ప్రొఫెసర్ లేచి వచ్చి ఖాలా పక్కన కూర్చుంది.

"వద్దు. ఇక్కడ చదవలేకపోయామని రాస్తాను. చాలా పుస్తకాల్లో అలా రాసే ఉంటుంది," అంది. ఆ మాట మనసారా అంది. కానీ దీపాలు సర్దుతూ ఆమె ఆ ఒక్క దీపాన్నే మూడుసార్లు తుడవడం నేను చూశాను. ఇద్దరి మీదా జాలి వేసింది. కోప్పడటానికి ఎవరూ దొరకకపోతే నాలాంటివాడికి ఏం చేయాలో తోచదు.

ప్రొఫెసర్ ప్రయాణం దగ్గరపడ్డాక ఖాలా మమ్మల్నిద్దర్నీ భోజనానికి పిలిచింది. తిన్నాక, ప్రొఫెసర్‌ని అడగమని నాతో అంది.

"ఆ లెక్కల్ని గీకేసినవాడి మీద ఆమెకు కోపం లేదా?"

"చిన్నతనంలో ఉండేది," అంది ప్రొఫెసర్. "ఇప్పుడు లేదు. పాపం, అతనికి వేరే తోలు దొరికి ఉండదు. అతను దాని మీద ప్రార్థన రాశాడు గనకే మీవాళ్లు ఇల్లు వదిలినా దీన్ని వదల్లేదు. ఒట్టి లెక్కలే అయితే ఎప్పుడో పొయ్యిలోకి పోయేవి."

నేను తర్జుమా చేశాను. ఖాలా బల్ల మీది గుడ్డ ముడతలు సరిచేస్తూ కూర్చుంది.

"మా ఇంట్లో ఇప్పుడు ఇంకెవరో ఉంటున్నారు," అంది చివరికి. "మా అమ్మ బట్టలు ఆరేసిన మిద్దె మీద వాళ్ల బట్టలు ఆరుతుంటాయి. మేం అక్కడ ఉండేవాళ్లమని కూడా వాళ్లకు తెలియదు. అడుగున పడిపోయినవాళ్ల సంగతి నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? తీసెయ్ బాబూ. ఆ లెక్క రాసినవాణ్ని కూడా ఒకసారి బయటికి రానీ."

మర్నాడు తీశాను. పెచ్చు పెచ్చుగా మైనం లేచింది. తర్వాత దూదిని స్పిరిట్‌లో అద్ది, పిండి, ఒత్తకుండా దొర్లించాను. దూది గోధుమరంగుకు తిరిగింది. వంటింటి గుమ్మంలోంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

"గమ్మునుండమ్మా," అన్నాను, నా చెయ్యి వణకకూడదు గనక.

"నేను గమ్మునే ఉండాను. కండ్లు ఉండనీలేదు," అంది ఆమె.

వాడిన దూదిని అలవాటుగా చెత్తబుట్ట వైపు పట్టుకెళ్తుంటే ఖాలా అరచెయ్యి చాపింది. నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ముక్కముక్కా ఆ అరచేతిలో పెట్టాను. ఆమె వాటిని మైనం పెచ్చులతో సహా ఒక పాత మిఠాయి డబ్బాలో వేసి మూత పెట్టుకుంది.

ఆ సాయంత్రానికి కంప్యూటర్‌లో చివరి వరుసలు తేలాయి. ప్రొఫెసర్ గ్రీకులోనే పైకి చదివింది. మాకెవ్వరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ అందరం లేచి నిలబడి విన్నాం. చదువుతూ చదువుతూ ఆమె ఏడ్చేసింది, సిగ్గుపడలేదు.

"ఏం రాశాడు?" అంది ఖాలా.

"అద్దం మీద ఎక్కడ పడిన కిరణమైనా ఆ ఒక్క చోటికే వస్తుంది, వేరే చోటికి పోదు అని."

"మా ఇంటి ఆడవాళ్లలాగే," అంది ఖాలా.

ప్రొఫెసర్ వెళ్లే రోజు పొద్దున్నే నేను చివరి కుట్టు వేయడానికి వెళ్లాను. ఆమె అప్పటికే పెట్టెలు గుమ్మం దగ్గర పెట్టి కూర్చుని ఉంది. ఖాలా వచ్చి కూర్చుని పుస్తకం తెరిచింది. మరక ఉన్న చోట పుట ఇప్పుడు లేతగా, పసిపిల్ల చర్మంలా ఉంది. అలా శుభ్రం చేసిన తోలు తడిని ఇట్టే తాగేస్తుంది. దాని మీద ఊపిరి కూడా తగలకూడదని నేనైతే నా గదిలో బోర్డు పెడతాను.

ఖాలా పుట మీదికి వంగింది. ప్రొఫెసర్ ఆపబోయినట్టు సగం లేచింది. నా నాలుక చివర కేక సిద్ధంగా ఉంది. ప్రొఫెసర్ నా వైపు చూసింది, నేను ఆమె వైపు చూశాను. ఆమె మళ్లీ కూర్చుంది.

ఖాలా ముద్దు పెట్టుకుని తల ఎత్తి, నేను తిడతానేమోనని నా ముఖంలోకి చూసింది.

"వెంటనే మూయకండి ఖాలా," అన్నాను. "కాస్త ఆరనివ్వండి."