ఇన్సేన్‌లో నేను తినేసిన తీర్పు

ఆ రోజుల్లో కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో చేరినవాళ్ళంతా ఆట మీద మోజుతోనే చేరారని మీరనుకుంటే, నా విషయంలో మాత్రం పొరబడినట్టే. రంగూన్‌లోనే పుట్టి పెరిగినా, మింగళ తౌంగ్‌న్యున్‌లో మా వీధి, కాలేజీ, నాన్న పనిచేసే బోటాటౌంగ్ గోదాములు తప్ప నాకు మరో లోకం తెలియదు. జట్టులో ఉంటే ఊళ్ళు తిరగొచ్చని, వెళ్ళిన చోటల్లా అక్కడివాళ్ళు పెట్టింది తినొచ్చని ఎవరో చెప్పారు. అంతే, బంతి తన్నడం నేర్చేసుకున్నాను. (నేర్చుకున్నానని నేనంటాను. మా బావ ఒప్పుకునేవాడు కాదు.) బావంటే మా మేనమామ కొడుకు, నాకంటే మూడేళ్ళు పెద్ద, జట్టుకు కెప్టెన్. పదకొండోవాడు దొరక్క నన్ను ఎడమ చివర నిలబెట్టాడు. పెగూ మైదానం ఎలా ఉండేదో నాకిప్పుడు గుర్తులేదు గానీ, అక్కడ వెదురుబొంగులో వండి పెట్టిన జిగురన్నం నిన్ననే తిన్నట్టుంటుంది. సిరియంలో ఎన్ని గోల్స్ తేడాతో ఓడిపోయామో బావనే అడగాలి. రేవు పక్కన మొహింగా అమ్మే ముసలమ్మ ఆ చేపల పులుసులో అరటి దూట వేస్తుందని కనిపెట్టింది మాత్రం నేనే.

ఆ ఏడు ఇన్సేన్ కాలేజీ కుర్రాళ్ళ మీద గెలిస్తే మా జట్టు మాండలే వెళ్ళాలి. ఆట సమంగా ముగిస్తే, కిందటేడు గెలిచినవాళ్ళు కనక ఇన్సేన్ వాళ్ళే వెళతారు. బావకు కాలేజీలో అదే ఆఖరి ఏడు. మాండలేలో ఆడకుండా చదువు ముగిస్తే తన బతుక్కి అర్థం లేదన్నట్టు నెల రోజులుగా నిద్ర మానేశాడు. నాకూ మాండలే మీద బెంగగానే ఉంది. పాత రాజుల కోట చూడాలి, దాని చుట్టూ ఉన్న కందకం చూడాలి, అక్కడి బజారులో ఏం అమ్ముతారో చూడాలి.

బయల్దేరుతుంటే అమ్మ గుమ్మంలో నిలబడి, "ఎల్తే ఎల్లు గానీ, ఆల్లేటి పెడితే అది తినీసి రాకు. కుల్లబెట్టిన ఆకులు కూడా తింటారంటరా ఆల్లు!" అంది.

"ఆకులేటి, అత్తా! ఈడికి బంతి పెట్టినా నమిలీగలడు," అన్నాడు బావ.

ఇన్సేన్ మైదానంలో గోలు స్తంభాలంటే రెండు వెదురు గడలు, వాటి మీద ఒక తాడు. వలా లేదు, పాడూ లేదు. ఎండలో గంటకు పైగా పరిగెత్తాక చెరో గోలు అయింది. ఇంకో నిమిషంలో ఆట ముగుస్తుందనగా బంతి నా కాళ్ళ దగ్గరికి వచ్చింది. కళ్ళు సగం మూసుకుని తన్నాను. అది ఎడమ గడను ఒరుసుకుంటూ వెళ్ళి పొదల్లో పడింది. మావాళ్ళు గోలన్నారు, వాళ్ళు కాదన్నారు. రిఫరీగారు ఆ క్షణంలో కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారట. బంతి ఎటు వెళ్ళిందని నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

గొడవ ముదిరింది. చివరికి ఆ వాడ పెద్దాయన్ని పిలిచారు. అందరూ ఆయన్ని ఊలేజీ అంటున్నారు, మనం పెద్దవాళ్ళని బాబాయిగారూ అన్నట్టు. ఆయన వంగి గడలు చూశారు, పొదలు చూశారు, బర్మా భాషలో నెమ్మదిగా ఏదో చెప్పారు. (నాకొచ్చిన బర్మా భాష చేపలు బేరమాడ్డానికి సరిపోయేది. తీర్పులకు చాలదు.) బావ మొహం ఎర్రబడింది, తల అడ్డంగా ఊపుతూ గట్టిగా వాదిస్తున్నాడు. అంతలో ఒకామె లక్కపూత పళ్ళెం తెచ్చి మా రెండు జట్ల మధ్య పెట్టింది. మధ్యలో నూనె తళతళలాడే నల్లటి ఆకుల ముద్ద, చుట్టూ వేయించిన వెల్లుల్లి, నువ్వులు, వేరుశనగలు, కరకరలాడే చిక్కుడు గింజలు. ఇదేనన్నమాట అమ్మ చెప్పిన కుళ్ళబెట్టిన ఆకు! ఊరబెట్టిన తేయాకు, లఫెట్ అంటారని విన్నానే గానీ ఎన్నడూ తినలేదు. వాళ్ళ కెప్టెన్ ఒక చిటికెడు నోట్లో వేసుకున్నాడు. మావాళ్ళు ఒక్కరూ ముట్టుకోలేదు. ఇంత మర్యాదగా పెడితే తినకపోవడం ఏం సంస్కారం అనిపించి, బావ భుజం పక్కనుంచి చెయ్యి చాచి గుప్పెడు తీసుకున్నాను.

మొదట చేదు, తర్వాత పులుపు, ఆ వెనక వెల్లుల్లి ఘాటు. మైదానమంతా ఒక్కసారి కేకలు వేసింది. ఇన్సేన్ కుర్రాళ్ళు పరిగెత్తుకొచ్చి నన్ను కావలించుకున్నారు. నా గోలు ఒప్పుకున్నారనుకుని, సంతోషం పట్టలేక రెండో గుప్పెడు కూడా తిన్నాను. ఊలేజీ నవ్వుతూ నా వీపు నిమిరారు.

బావ నా చొక్కా పట్టుకున్నాడు. "ఏటి సేసీసినావురా! అది పలారం కాదురా, తీరుపు! గోలు కాదన్నాడాయన. రెండు పచ్చాలూ ఆకు తింటే ఒప్పీసుకున్నట్టు. ఇంక తిరుగులేదు!"

"మరి నాకెవులు సెప్పినారు బావా?" అన్నాను, నోట్లో వేరుశనగలు ఇంకా నములుతూనే.

రైల్లో మావాళ్ళంతా నాకు దూరంగా, పెట్టె అవతలి చివర కూర్చున్నారు. బావ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. అతని కళ్ళు తడిగా ఉండటం చూశాక నా కడుపులో ఉన్న రెండు గుప్పెళ్ళూ రాళ్ళయ్యాయి. అతనికి నేనంటే ప్రాణం, నాకు అతనంటే ప్రాణం. అయినా బావ ఆ తర్వాత నెల రోజులు మా గుమ్మం తొక్కలేదు. నేను వాళ్ళింటికి వెళితే పెరటి దారిన బయటికి పోయేవాడు.

ఒక ఆదివారం పొద్దున్నే తనంతట తానే వచ్చాడు. చాప మీద కూర్చుని, ఆకు పొట్లం విప్పాడు. లఫెట్! తను ఒక చిటికెడు నోట్లో వేసుకుని పొట్లం నా ముందుకు జరిపాడు. అమ్మ ముక్కు మూసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను తినబోయి ఆగాను.

"బావా, ఇది తినీముందు ఒకటి సెప్పాల. బంతి గడకి బయటినుంచే ఎల్లింది. నాను సూసినాను."

బావ నమలడం ఆపలేదు. "నానూ సూసినాన్రా. నీ ఎనకాలే ఉన్నాను గదా. తిను," అన్నాడు.

తర్వాతెప్పుడో మాండలే చూశాను, నా టికెట్టు నేనే కొనుక్కుని. కోట బాగుంది, కందకం బాగుంది, తిండి ఇంకా బాగుంది. కానీ పక్కన బావ లేడు. ఇప్పుడు ఎవరైనా పళ్ళెం ముందు పెడితే, ఇది ఎందుకు పెట్టారని అడిగిగానీ చెయ్యి పెట్టను. మా మనవలు నవ్వుతారు. వాళ్ళతో పాటు నేనూ నవ్వుతాను గానీ, ఏమీ అడగకుండా గుప్పెడు తీసుకున్న ఆ కుర్రాడంటేనే నాకు ఇప్పటికీ ఎక్కువ ఇష్టం.