పగడాల నీళ్ళలో నేను, పడవలో బాపు

మొన్న సాయంత్రం మా పక్కింటి ఆమె తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి నా గుమ్మంలో చతికిలబడింది. వాళ్ళమ్మాయి జంతుశాస్త్రం చదువుతోంది. పగడపు దిబ్బల్లో బతికే జీవాలను చూసి రావడానికి కాలేజీవాళ్ళు పిల్లలను అండమాన్ తీసుకుపోతున్నారట. "అక్కా, నువ్వు గసొంటి సదువే సదివినవు గద. పంపమంటవా, వద్దంటవా? నాకైతే ఫికర్‌తోని ముద్ద దిగుతలేదు" అంది. మొఘల్‌పురాలో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, వెంటనే ఏదో ఒకటి చెప్పేస్తాననుకున్నాను గానీ, చాయ్ పెడతానంటూ లోపలికి లేచాను. ఆమె ముఖంలోని భయం నాకు కొత్తది కాదు, ఒకప్పుడు మా నాన్న, అదే మా బాపు ముఖంలో అచ్చం అలాంటిదే చూశాను.

మాది జహనుమాలో బర్రెల కుటుంబం. మా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో పాతబస్తీలో పాలవాళ్ళ ఇళ్ళంటే ముందు మనుషులు, వెనక బర్రెలు, నడుమ గడ్డి మోపులు, వీటన్నిటి మీద తెలతెలవారుతుండగా పాల క్యాన్ల మోత. నీళ్ళంటే మాకు తెలిసింది మీరాలం చెరువు ఒక్కటే. బర్రెలు ఈతకు దిగితే బాపు ఒడ్డున నిలబడి వాటి తలల మీదే కన్నేసి ఉంచేవాడు. ఆలస్యమైతే గొంతెత్తి ఒక పొడుగాటి కేక పెట్టేవాడు, ఆ కేకకు ప్రతి బర్రె తల ఎత్తి ఇటు చూడాల్సిందే. తల పైకి ఉన్నంతసేపూ భయం లేదు, నీళ్ళలో తల వాల్చిందంటే ప్రాణం పోయినట్టే అని మాకు చిన్నప్పటినుంచి నూరిపోశాడు.

అలాంటి ఇంట్లో పుట్టిన నేను ఎమ్మెస్సీ దాకా రావడమే గొప్ప అనుకుంటుంటే, మన్నార్ సింధుశాఖలో పగడపు దిబ్బల మీద క్షేత్ర అధ్యయనం చేయాలనీ, అది పూర్తి చేయనివాళ్ళను పరీక్షకు కూర్చోనివ్వరనీ పిడుగులాంటి మాట చెప్పారు. ఇంట్లో వారం రోజులు లొల్లి. చివరికి బర్రెలను చిన్నాయనకు అప్పజెప్పి బాపు కూడా నాతో బయల్దేరాడు. మా మేడమ్ ఎలా ఒప్పుకున్నారో నాకిప్పటికీ తెలియదు. రైలు కదిలాక బాపు ఒకే మాట అన్నాడు: "బిడ్డా, ఒక్క గడబిడ అయినా మర్నాడే వాపస్. గంతే." దారి పొడుగునా ఆ మాట నా గుండెల మీద బండలా కూర్చుంది.

తీరానికి కొంచెం ఎడంగా ఉన్న ఒక చిన్న దీవి దగ్గర మా పని. మొదట నడుంలోతు నీళ్ళలో తేలడం నేర్పారు. కళ్ళకు అద్దం పెట్టుకుని, నోట్లో గొట్టం కరుచుకుని, ముఖం నీళ్ళలో ఉంచి కదలకుండా తేలుతూ కింద ఏముందో చూడాలి. నాకేమో ఉప్పునీళ్ళ భయం కంటే ఒడ్డున నిలబడ్డ బాపు భయమే ఎక్కువ. మాటిమాటికీ తలెత్తి నవ్వు ముఖం పెట్టేదాన్ని. ఆ మర్నాడు పగడాల మీదికి తీసుకెళ్ళినప్పుడు మాత్రం తలెత్తడం మరిచిపోయాను. కింద జింక కొమ్ముల్లా కొమ్మలు వేసిన పగడాలు, వాటి సందుల్లో నీలం చేపలు, లెక్క కోసం మేం అడుగున పరిచిన ఇనుప చట్రంలో ఏమేమి ఉన్నాయో గుర్తుపెట్టుకోవాలన్న తొందర, వీటి మధ్య నాకు వేరే ధ్యాస లేదు.

ఒడ్డు నుంచి బాపుకు కనిపించింది వేరు. పిల్లలందరూ బోర్లాపడి, ఉలుకూ పలుకూ లేకుండా తేలుతున్నారు. చెరువు దగ్గర పెట్టే కేకే పెట్టాడట. ఒక్క తలా లేవలేదు. ధోతీ ఎగ్గట్టి, చెప్పుల్లేని కాళ్ళతో పగడాల మీద పడుతూ లేస్తూ వచ్చి, నా జడ పట్టి పైకి లాగాడు. నేను కెవ్వుమన్నాను. ఆయన నా ముఖం మీది నీళ్ళు అరచేత్తో తుడుస్తూనే ఉన్నాడు. చుట్టూ నీళ్ళు ఎర్రబడుతుంటే ఆయన కాలు చీరుకుపోయిందని అప్పుడు చూశాను.

పగడం గాయం తొందరగా మానదు. సాయంత్రానికి పాదం వాచి జ్వరం వచ్చింది. తోటి పిల్లలు జడ సంగతి చెప్పుకుని నవ్వుకుంటుంటే, నేను మాత్రం ఆయన కాలు ఏమవుతుందోనని ఒక పక్క, ఇంటికి పోదాం పద అంటాడేమోనని ఇంకో పక్క, అన్నం ముందు కూర్చుని ఏడ్చాను. జ్వరం తగ్గిన పొద్దున ఆయన కుంటుకుంటూ ఒక తాడు పట్టుకొచ్చి మేడమ్ ముందు పెట్టాడు. "దూడను పలుపు లేకుంట లోతుకు దించుతరమ్మా? గీ కొస నా చేతుల ఉంటది. నేను గుంజుత, బిడ్డ గుంజాలె." తాడు పగడాలకు తగులుకుంటుందని మేడమ్ అడ్డం చెప్పారు గానీ, దాని పొడుగునా చేపల వలకు కట్టే బెండ్లు కట్టించి, అది పైనే తేలుతుందని చూసుకుని సరేనన్నారు.

ఆ తర్వాత రోజూ బాపు పడవలో, నేను నీళ్ళలో. కాసేపటికొకసారి నా నడుముకు కట్టిన తాడుకు చిన్న గుంజుడు. నేను తిరిగి గుంజేదాన్ని. మొదట సిగ్గేసింది, తర్వాత అదే ధైర్యమైంది.

ఒకరోజు ఆ గుంజుడు రాలేదు. నేనే గుంజాను, జవాబు లేదు. ఇంకోసారి గుంజితే తాడు వదులుగా నా దగ్గరికే వచ్చేసింది. తలెత్తి చూస్తే పడవలో ఆయన కూర్చునే చోటు ఖాళీ. అంత భయం నా జన్మలో ఎన్నడూ ఎరగను. ఎలా ఈదానో ఏమో, పడవ అవతలి వైపుకు వెళ్ళి చూస్తే, బాపు పడవ అంచు మీద బోర్లా పడుకుని, పడవవాడు పట్టుకున్న అడుగున అద్దం బిగించిన పెట్టెలోంచి నీళ్ళలోకి చూస్తున్నాడు. నేను ఏడుస్తూ కోప్పడ్డాను. ఆయన తల కూడా ఎత్తకుండా, "ఆగు బిడ్డా. మస్తుగున్నది. గీ రాళ్ళకు పూలు గిట్ల పూస్తయా?" అన్నాడు. రాళ్ళు కావు బాపూ, అన్నీ ప్రాణమున్న జీవాలే అన్నాను. ఆయన లేచి కూర్చున్నాడు. తర్వాత కట్టు కట్టిన పాదం చూసుకుంటూ, "గట్లనా? మరి నేను గీటిని తొక్కుకుంటనే వస్తినా?" అన్నాడు. వాపస్ మాట మళ్ళీ ఎత్తలేదు.

బాపు పోయి చాలా కాలమైంది. జహనుమాలో ఇప్పుడు బర్రెలు కట్టేసే జాగా కూడా లేదు. పిల్లలకు మునగకుండా తేల్చే జాకెట్లున్నాయి, పక్కనే ఈత నేర్పేవాళ్ళుంటారు, గంటకొక ఫోటో ఇంటికొస్తుంది. అందుకే పక్కింటి ఆమెతో, పంపు తల్లీ, ఏమీ కాదు అనే చెప్పాను. ఆమె ఊపిరి పీల్చుకుని వెళ్ళిపోయింది. నాకే నిద్ర కరువైంది. సముద్రం వేడెక్కి పగడాలు తెల్లగా పాలిపోయి చచ్చిపోతున్నాయని నా దగ్గర చదివిన పిల్లలు ఫోన్ చేసినప్పుడల్లా చెబుతుంటారు. ఆ పిల్ల క్షేమంగా తిరిగి వస్తుంది, అది నాకు తెలుసు. వచ్చి, ఏం చూశానని చెబుతుందో, అదే ఇప్పుడు నా ఫికర్.